చంటిబిడ్డకు పాఠమేమిటి, పరీక్షేమిటి?



గత నెలలో ఒక సోదరి మాకు ఉత్తరము వ్రాశారు. వారి సంఘములో చిన్నబిడ్డల కొరకు ఒక గది ఏర్పాటు చేయాలని స్త్రీల సమాజము తీర్మానించిందట, బాధ్యత ఆమెకు అప్పగించారట. మూడేళ్ళలోపు పిల్లలు పదకొండుమంది. ఆమె బాబు కూడ అందులో ఒకడు, ఏడాది పది నెలలవాడు. "వీళ్ళకు ఏమి నేర్పాలి? నేర్చుకొన్నారో లేదో ఎలా తెలుసుకోవాలి? దయచేసి ఒక టైంటేబులు, ఒక మార్కుల పట్టిక పంపగలరు" అని అడిగారు.

సోదరీ, టైంటేబులు మా దగ్గర కూడ ఒకటి ఉండేది. దాని కథ ముందు చెప్పవలసి ఉన్నది.

మా సాలూరు లారీల ఊరు. విశాఖపట్నము నుండి రాయపూరు పోయే రోడ్డు మా ఊరు దాటి ఘాటీ ఎక్కి, సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ వైపు పోతుంది. లారీ డ్రైవర్లు, క్లీనర్లు, బాడీలు కట్టే మేస్త్రీలు, పంక్చర్లు వేసేవారు - మా గదికి వచ్చే బిడ్డలలో సగముమంది వీరి పిల్లలే. సాలూరు బిడ్డ "అమ్మ" అనడానికి ముందు "పాం పాం" అంటాడని మా ఊళ్ళో వేళాకోళము. తక్కిన సగము పాచిపెంట, మక్కువ వైపు కొండ గ్రామాల నుండి పనికి దిగివచ్చిన తల్లుల బిడ్డలు. ఇంట్లో తెలుగు మాటాడేవారున్నారు, కువి మాటాడేవారున్నారు, ఒడియా మాటాడేవారున్నారు, మూడూ కలిపి మాటాడేవారూ ఉన్నారు. ఈ సంగతి తరువాత అవసరమవుతుంది, అందుకే చెప్పాము.

గది తెరిచిన మొదటి వారము మేము గడియారము చూచి కాగితము తయారుచేశాము. తొమ్మిదింటికి ప్రార్థన, తొమ్మిదింబావుకు పాట, తొమ్మిదిన్నరకు రంగులు, పదింటికి ఒంట్లు. సోమవారము తొమ్మిదింబావుకు పాట ఎత్తుకొనేసరికి ఇద్దరు నిద్రపోతున్నారు, ఒకరు పాలకు ఏడుస్తున్నారు, ఒకడు హార్మోనియము పెట్టె పక్కనే నిలబడి కాలవ కట్టాడు. రంగుల వేళకు మా ఓపిక అయిపోయింది. గదిని చూచుకొనే పెద్దావిడను ఊరందరూ అప్ప అనే పిలుస్తారు. ఆమె ఆ కాగితము తీసి మా చేతికిచ్చి, "అయ్యగారూ, ఈ గుంటలకి గడియారం తెలీదు గదా. ఆళ్ళ ఆకలే ఆళ్ళ గడియారం" అన్నది. థియాలజీ డిప్లొమాలో మాకు ఈ పాఠము చెప్పలేదు.

పెద్ద పిల్లల బడిలో ముందు పాఠము వ్రాసుకొని తరువాత పిల్లల దగ్గరకు పోతాము. చంటిబిడ్డల దగ్గర ఇది తలక్రిందులు. ముందు చూడాలి, తరువాత వ్రాసుకోవాలి, ఆ తరువాతనే ఏర్పాటు. ఇప్పుడు మా గదిలో ఒక్కొక్క బిడ్డకు వారమునకు ఒక అర కాగితము ఉంటుంది. అందులో మూడు గడులు. మొదటి గడిలో ఏమి చూశాము, రెండవ గడిలో దాని వలన ఏమి అనుకొంటున్నాము, మూడవ గడిలో వచ్చే వారము ఏమి ముందు పెడతాము.

వినడానికి సులువుగానే ఉన్నది గాని మొదటి గడి నింపడము మాకు ఆరు నెలలకు గాని రాలేదు. "అల్లరి చేశాడు", "మంచిగా ఆడుకొన్నది", "మొండి" అని వ్రాసేవారము. అవి మన తీర్పులు, బిడ్డ చేసిన పనులు కావు. "చెంచా ఆరుసార్లు క్రింద పడేశాడు, ప్రతిసారి ముందు చెంచాను, తరువాత అప్ప మొహాన్ని చూశాడు" అని వ్రాస్తే అది చూచిన సంగతి. రెండవ గడి అక్కడ నుండి పుడుతుంది. పది నెలల బిడ్డ చెంచా పడవేసేది మనలను విసిగించడానికి కాదు. వదిలితే పడుతుందా, ప్రతిసారి పడుతుందా, పడితే చప్పుడవుతుందా, అప్ప తీసి ఇస్తుందా అని చూస్తున్నాడు. మూడవ గడిలో ఏమి వ్రాశామంటే, వచ్చే వారము ఒక స్టీలు పళ్ళెము, ఒక మడిచిన దుప్పటి పక్కపక్కన పెట్టాలి, చెంచాతోపాటు ఒక గుడ్డ బంతి ఇవ్వాలి అని. వాడు పళ్ళెము మీద వేసి చప్పుడు విన్నాడు, దుప్పటి మీద వేసి చప్పుడు రాలేదని మళ్ళీ వేశాడు. పదిహేను నిమిషాలు. మూడు రూపాయల ఖర్చు లేదు.

పధ్నాలుగు నెలల పాప ఒకతె గిన్నెలో వస్తువులు వేయడము, ఒలకబోయడము, మళ్ళీ వేయడము తప్ప వేరే పని లేదన్నట్లుండేది. ఆమెకు చిన్న మూతి చెంబు ఒకటి, పెద్ద మూతి గిన్నె ఒకటి, రకరకాల మూతలు ఇచ్చాము. ఏ మూత చెంబులో పట్టదో ఆమె తానే కనుక్కొన్నది. మేము "ఇది పెద్దది, ఇది చిన్నది" అని చెప్పే మాట ఆమె చేతికి అప్పుడే అందింది. రెండేళ్ళు దాటిన బాబు ఒకడు నీళ్ళు నింపిన సీసాలను మూల నుండి మూలకు మోసుకుపోయేవాడు. వాడి ప్రణాళికలో రంగులు, అంకెలు ఏమీ లేవు. "బరువు మోయనివ్వాలి. తోటలో మొక్కలకు నీళ్ళు పోసే పని ఇవ్వాలి" అని మాత్రమే వ్రాశాము.

ఇక నెలల బిడ్డ సంగతి. వాడికి ప్రత్యేకముగా ఆట పెట్టనక్కరలేదు. పాలివ్వడము, గుడ్డ మార్చడము, స్నానము, నిద్రపుచ్చడము - ఇవే వాడి నాలుగు పీరియడ్లు. మన ఇండ్లలో అమ్మమ్మలు కాళ్ళు చాపి బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకొని నీళ్ళు పోస్తారు కదా. వీపు రుద్దుతూ వీపు అని, పొట్ట రుద్దుతూ పొట్ట అని, బిడ్డ "ఊఁ" అంటే తానూ "ఊఁ" అని, బిడ్డ మళ్ళీ అనేవరకు ఆగి చూస్తారు. ఆ ఆగడమే ముఖ్యము. మాటకు మాట బదులు ఇవ్వడము బిడ్డ అక్కడ నేర్చుకొంటాడు. (స్నానము తరువాత సాంబ్రాణి పొగ మాత్రము మానండి. చంటిబిడ్డ ఊపిరితిత్తులకు పొగ ఏదైనా పొగే.) తారంగమాడించడము, గుడ్డ చాటున మొహము దాచి "ఊప్" అనడము, వేళ్ళు ఒక్కొక్కటి మడిచి చివరకు చంకలో చక్కిలిగిలి పెట్టడము - ఇవి చదువు లేని తాతమ్మలు మనకు ఇచ్చిన పాఠ్యప్రణాళిక.

ఇదంతా మేము కల్పించిన సంగతి కాదు. తారాబాయి మోదక్ గారు, అనుతాయి వాఘ్ గారు మహారాష్ట్ర తీరములోని బోర్డీలో 1945లో బాలవాడి నడిపారు. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల పెరటికి పోవాలన్న వారి ఆలోచన నుండి అంగన్‌వాడీ అన్న మాట పుట్టింది. తరువాత 1957లో కోస్బాడ్ కొండకు వెళ్ళి వార్లీ ఆదివాసుల మధ్య పని చేశారు. కొట్టులో కొన్న బొమ్మలు పక్కన పెట్టి, అక్కడి గింజలు, ఆకులు, మట్టి, గవ్వలనే పాఠముగా చేశారు. మన కొండల వారికి ఇది బాగా అతికే సంగతి. 1975 అక్టోబరు 2న దేశములో ఐ.సి.డి.ఎస్. పథకము 33 ప్రాజెక్టులతో మొదలైనది. అయితే చాలాకాలము అంగన్‌వాడీలో చదువు అంటే మూడేళ్ళు నిండినవారికే. మూడేళ్ళలోపు వారికి తూకము, టీకా, పోషకాహారము మాత్రమే దక్కేవి. 2024లో కేంద్ర ప్రభుత్వము పుట్టినది మొదలు మూడేళ్ళ వరకు "నవచేతన" అనే చట్రము విడుదల చేసింది. అందులో నెల నెలకు ఏమేమి ఆటలు ఆడించవచ్చునో 36 నెలలకు విభజించి 140 ఆటలు ఇచ్చారు. మీ ఊరి అంగన్‌వాడీ కార్యకర్తను అడిగి చూడండి. సోదరీ, మీకు కావలసిన పట్టిక ఏదైనా ఉంటే అది ఇదే, మార్కులు తప్ప.

కరీబియన్ సముద్రములోని జమైకాలో 1986-87 సంవత్సరాలలో ఒక పని జరిగింది. వయస్సుకు తగిన ఎత్తు ఎదగని 9 నుండి 24 నెలల బిడ్డల ఇండ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారమునకు ఒక్క గంట చొప్పున రెండేళ్ళు వెళ్ళారు. వారు బిడ్డకు పాఠము చెప్పలేదు. ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలు తీసుకెళ్ళి, బిడ్డతో ఎలా ఆడాలో తల్లికి చూపించారు. ఇరవై ఏళ్ళ తరువాత ఆ బిడ్డలను వెదికి చూస్తే, ఆటలు దక్కనివారికంటె వీరి సంపాదన సుమారు 25 శాతము ఎక్కువగా ఉన్నది. 2014లో ఆ లెక్క ప్రచురించారు. అదే పద్ధతిని మన పక్క రాష్ట్రము ఒడిశా పల్లెలలో కూడ పరీక్షించారు. 2020లో ప్రచురించిన ఫలితము మా వంటి వారికి ఊరట. ఇంటింటికి పోయి చెప్పినా, తల్లులను బిడ్డలతో గుంపుగా కూర్చోబెట్టి చెప్పినా మేలు దాదాపు సమానమే. అంటే మన స్త్రీల సమాజము కూడిక చాలును.

2020 జాతీయ విద్యా విధానము ఆరేళ్ళలోపే మెదడు ఎదుగుదల 85 శాతానికి పైగా జరిగిపోతుందని చెప్పింది. ఈ అంకె విన్న కొందరు తల్లిదండ్రులు పరుగున వెళ్ళి పలకా బలపము కొన్నారు. మరికొందరు ఫోను చేతికిచ్చి అందులో ఇంగ్లీషు పాటలు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదేమంటే, రెండేళ్ళలోపు బిడ్డకు తెర ముందు కూర్చోబెట్టే కాలము అసలే వద్దు. రెండు నుండి నాలుగేళ్ళ వరకు రోజుకు గంట మించరాదు. లారీ మీద పోయిన నాన్న ఫోనులో కనబడి "ఏరా" అని పిలిచేది వేరే సంగతి. అక్కడ ఒక మనిషి బదులిస్తున్నాడు. దానిని మేము ఎవరినీ మానమనలేదు.

వస్తువుల గూర్చి ఒక హెచ్చరిక. మేము మొదట చింతపిక్కలు, సీతాఫలము గింజలు గిన్నెలో పోసి ఇచ్చాము, చూడ ముచ్చటగా ఉన్నవని. అప్ప చూచి గిన్నె లాక్కున్నది. మూడేళ్ళలోపు బిడ్డ నోట్లో పూర్తిగా పట్టే వస్తువు ఏదీ వాడి చేతికి రాకూడదు. గింజలు మూతి గట్టిగా బిగించిన సీసాలో ఉంటే గిలక, విడిగా ఉంటే ప్రాణగండము. బొమ్మలలోని గుండీల వంటి చిన్న బ్యాటరీలు మరీ ప్రమాదము. మింగితే రెండు గంటలలోనే ఆహారనాళము కాలిపోవచ్చును. మింగాడన్న అనుమానము కలిగినా తెల్లవారేవరకు ఆగక ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇప్పుడు పరీక్ష సంగతి. ఇది వ్రాయడము మాకు సులభము కాదు.

కొన్నేళ్ళ క్రిందట వరకు క్రిస్మస్ నెలలో మా సంఘము శిశు ప్రదర్శన జరిపేది. బొద్దుగా ఉన్న బిడ్డకు స్టీలు గిన్నె బహుమతి. సన్నగా ఉన్న బిడ్డ తల్లి వెనుక బెంచీలో కూర్చునేది. మేమే బహుమతి ఇచ్చేవారము, ఫొటో దిగేవారము. అది మానివేశాము. చంటిబిడ్డను పక్క బిడ్డతో పోల్చి కొలవడము ఏ రకముగా చూచినా తప్పుడు కొలత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో మన దేశముతో కలిపి ఐదు దేశాల ఆరోగ్యవంతులైన బిడ్డలను గమనించి చెప్పినది చూడండి. ఆసరా లేకుండ కూర్చోవడము 3.8 నెలలకు వచ్చినా 9.2 నెలలకు వచ్చినా సరియే. తానుగా నడవడము 8.2 నెలలకు వచ్చినా 17.6 నెలలకు వచ్చినా సరియే. నూటికి నలుగురు బిడ్డలు చేతులు మోకాళ్ళ మీద పాకనే పాకరు. కూర్చున్నవాళ్ళు నేరుగా లేచి నిలబడతారు. పక్కింటి బాబు పదో నెలలో నడిచాడని మీరు నిద్ర మానుకోనక్కరలేదు. నెలలు నిండకుండ పుట్టిన బిడ్డకు ఎన్ని నెలలు ముందు పుట్టాడో అన్ని తీసివేసి లెక్కించాలి, రెండేళ్ళ వరకు.

అయితే "ఎవరి వేగము వారిది" అని చెప్పి చేతులు కట్టుకొని కూర్చోవచ్చునా? కూర్చోరాదు. ఆ తప్పు మేము చేశాము.

కేరళలో తిరువనంతపురము శిశు వికాస కేంద్రము వారు 1991లో ఒక చిన్న పట్టిక ప్రచురించారు. పుట్టినది మొదలు రెండేళ్ళ వరకు పదిహేడు అంశాలు. బిడ్డ వయస్సు దగ్గర నిలువుగా ఒక గీత గీయాలి. ఆ గీతకు ఎడమ ప్రక్కన పడే పని ఏదైనా బిడ్డ ఇంకా చేయకపోతే డాక్టరుకు చూపించాలి. కావలసిన సామగ్రి ఒక కలము, ఒక తాళపుచెవుల గుత్తి. ఐదు నిమిషాల పని. అంగన్‌వాడీ కార్యకర్త కూడ చేయగలదు. మేము దానిని ఆనందముగా తెచ్చుకొన్నాము.

మొదట ఒక పాప. పద్దెనిమిది నెలలది. కొండ మీద నుండి వచ్చిన తల్లి. "ముక్కేది? బొమ్మ కళ్ళేవి?" అని మేము తెలుగులో అడిగాము. పాప మా మొహము చూచి తల్లి చీరలో దూరింది. మూడు వారాలు అంతే. మేము కాగితము మీద "మందము" అని వ్రాశాము. ఆ తల్లికి చదవడము రాదు గాని మేము తల ఆడించిన తీరు అర్థమైనది. మరుసటి వారము నుండి రాలేదు. రెండు నెలల తరువాత మేము ఏదో పని మీద ఆ ఊరికి వెళ్ళాము. వారి పెరటిలో పాప ఆడుతున్నది. నాన్నమ్మ కువిలో ఏదో అనగానే లోనికి పోయి చిన్న చెంబు తెచ్చింది. మరొక మాట అనగానే కోళ్ళను తరిమింది. మాకు అర్థము కాని మాటలు ఆ పాప గలగల మాటాడుతూ ఉన్నది. మందము ఎక్కడున్నదో మాకు తెలిసింది. ఆ తల్లిని క్షమించమని అడిగాము. ఆమె మాకు అడ్డాకులో ఉడకబెట్టిన దుంపలు పెట్టింది గాని, ఏమీ అనలేదు.

మన రాష్ట్రములో 2004 ప్రాంతమున కువి, సవర, కొండ మొదలైన ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బడులలో చదువు మొదలుపెట్టిన పెద్దలు ఈ సంగతి మాకంటె ముందే గ్రహించారు. ఇంటి భాషలో అడగని ప్రశ్నకు బిడ్డ ఇవ్వని జవాబును పట్టుకొని ఏమీ తేల్చరాదు. ఆనాటి నుండి ఏ బిడ్డ మాట ఆలస్యమైనా మేము "భాష అలవాటు కాలేదు, వస్తుంది" అనసాగాము. రెండవ తప్పు ఇక్కడ పుట్టింది.

ఒక లారీ డ్రైవరు బాబు. తండ్రి తెలుగు, తల్లి కోరాపుట్ వైపు నుండి వచ్చిన ఒడియా అమ్మాయి. పదకొండవ నెలలో మా గదికి వచ్చాడు. చురుకైన బిడ్డ, నవ్వు మొహము. మేము వాడి ముందు కూర్చొని తాళపుచెవులు ఊపాము. వెంటనే చూశాడు. "శబ్దమునకు తల త్రిప్పుతాడు" అన్నచోట టిక్కు పెట్టాము. పదహారు నెలలకు ఒక్క మాట లేదు. తల్లి అడిగింది. "రెండు భాషల ఇల్లు కదమ్మా, కొంచెము ఆలస్యము సహజము" అన్నాము. పద్దెనిమిది నెలలకు అడిగింది. అదే జవాబు. తండ్రి పది రోజులకొకసారి బండి దిగి వచ్చినప్పుడు వాడు ఎదురు పరుగెత్తేవాడు. "నా బండి చప్పుడు గుర్తుపడతాడు అయ్యగారూ" అని మురిసిపోయేవాడు. నిజానికి పక్కన ఉన్న అక్క పరుగెత్తితే వాడు పరుగెత్తేవాడు.

రెండేళ్ళ రెండు నెలల వయస్సులో ఒక మధ్యాహ్నము పిల్లలందరు వాకిట మట్టిలో ఆడుతున్నారు. గోడ అవతల ఒక లారీ ఉన్నట్టుండి హారను కొట్టింది. పిల్లలందరూ అదిరిపడ్డారు. నెలల పిల్ల కూడ ఉలిక్కిపడి ఏడ్చింది. ఈ బాబు తల ఎత్తలేదు, మట్టి ముద్ద చేసుకొంటూనే ఉన్నాడు. అప్ప చూచింది. వాడి వెనుకకు పోయి పళ్ళెము మీద గరిటెతో గట్టిగా కొట్టింది. తల ఎత్తలేదు. ఆమె మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఈ గుంటడికి వినిపించదు" అన్నది.

విశాఖపట్నములో చెవి పరీక్ష చేశారు. రెండు చెవులకూ తీవ్రమైన లోపము, పుట్టుకతోనే ఉండవచ్చునన్నారు. తాళపుచెవులు కళ్ళ ముందు ఊపితే వాడు కంటితో చూశాడు. మేము టిక్కు పెట్టినది వాడి చూపుకు, వినికిడికి కాదు. ఇటువంటి బిడ్డకు పుట్టిన నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స మొదలు కావాలని డాక్టర్లు చెబుతారు. మాట నేర్చే తొలి నెలలు అంత విలువైనవి. మా టిక్కు, మా "సహజము" కలిసి ఆ బిడ్డకు ఏడాదికి పైగా కాలము పోగొట్టినవి. తండ్రి మమ్మును దూషించలేదు. ఆసుపత్రి బెంచీ మీద కూర్చొని, "మీ పుస్తకంలో టిక్కు ఉంది కదా అయ్యగారూ" అని ఒక్కసారి అడిగాడు. మేము జవాబు చెప్పలేకపోయాము.

వాడికి ఇప్పుడు నాలుగో ఏడు. చెవులకు మిషన్లు పెట్టారు. చేతులతో సైగలు, ముప్పై దాకా మాటలు వచ్చినవి. తోటి పిల్లలంత కాదు. "పాం" అంటాడు.

ఈ ఇద్దరు బిడ్డల వలన మేము మా పద్ధతి మార్చుకొన్నాము. శబ్ద పరీక్షకు బిడ్డను తల్లి ఒడిలో కూర్చోబెట్టి, ఇంకొకరు వెనుక ప్రక్కగా, నీడ కూడ పడకుండ నిలబడి చేయాలి. కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి. ఇది అనుమానము పట్టడానికే గాని తేల్చడానికి కాదు, తేల్చేది డాక్టరే. మాట ఆలస్యమైతే ఇంట్లో ఉన్నవారిని, ఇంటి భాషలో, బిడ్డ వీపు వెనుక నుండి పిలిచి చూడమంటాము. భాష వేరైన బిడ్డ తన భాషకు తిరుగుతాడు. వినబడని బిడ్డ ఏ భాషకూ తిరగడు. రెండు భాషల ఇల్లు అన్నది ఏ బిడ్డకూ మాట పూర్తిగా ఆపదు. పసికందుగా ఉన్నప్పుడు వినబడని బిడ్డ కూడ "ఊఁ, ఆఁ" అంటాడు. కనుక ఆ కూతలు విని ధైర్యపడరాదు. "బాబా, తాతా" వంటి కూతలు ఏడాదికి కూడ రాకపోతే చూపించాలి.

తక్కిన గుర్తులు కూడ చెబుతాము. మూడు నెలలు దాటినా మొహము చూచి నవ్వకపోవడము, తొమ్మిది నెలలు దాటినా కూర్చోకపోవడము, ఏడాదికి పేరు పిలిచినా తిరగకపోవడము, వేలితో చూపించకపోవడము, ఏడాదిన్నరకు అడుగు వేయకపోవడము గాని ఒక్క మాట లేకపోవడము గాని, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోవడము. అన్నింటికంటె ముఖ్యముగా, వచ్చిన మాట గాని పని గాని ఏ వయస్సులోనైనా పోవడము. వీటిలో ఒకటి కనబడినా పోల్చుకోవద్దు, వేచి ఉండవద్దు, మాకు ఉత్తరము వ్రాస్తూ కూడ కూర్చోవద్దు. తల్లీబిడ్డల రక్షణ కార్డు తీసుకొని అంగన్‌వాడీకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో వెళ్ళండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టినది మొదలు పద్దెనిమిదేళ్ళ వరకు బిడ్డలను ఉచితముగా పరీక్షిస్తారు. అవసరమైతే జిల్లా స్థాయి కేంద్రానికి పంపిస్తారు. తల్లికి అనుమానము కలిగితే అదే చాలినంత కారణము. ఆ ఒడియా అమ్మాయి రెండుసార్లు అడిగింది, మేమే వినలేదు.

మా కాగితాలలో ఇప్పుడు నాలుగవ గడి ఒకటి చేర్చాము. పైన "తల్లి ఏమన్నది" అని ఉంటుంది. మేము నింపము. తల్లి ఏ భాషలో చెబితే ఆ భాష వచ్చినవారు వ్రాస్తారు. కొండ మీది పాప తల్లి తిరిగి మా గదికి వస్తున్నది. శనివారము నాడు పిల్లలకు కువిలో పాటలు చెప్పేది ఆమెయే. కువి వ్రాయించవలసి వచ్చినప్పుడు మేము ఆమె దగ్గర కూర్చొని తెలుగు అక్షరాలతో వ్రాసుకొంటాము. మా పలుకుబడికి ఆమె నవ్వుతుంది.

సోదరీ, మార్కుల పట్టిక పంపలేకపోతున్నాము. మీ పదకొండుమందిలో ఒక్క బిడ్డను ఎన్నుకొనండి, మీ బాబును కాదు. రెండు స్టీలు గ్లాసులు, ఒక గుడ్డ ముక్క వాడి ముందు పెట్టి పది నిమిషాలు మాటాడకుండ చూడండి. చూచినది చూచినట్లు వ్రాసి మాకు పంపండి. వచ్చే నెల ఈ పేజీలో దానిని ప్రచురించి, మూడవ గడి ఏమి వ్రాయవచ్చునో కలిసి ఆలోచిద్దాము. తాళపుచెవుల గుత్తి మాత్రము బిడ్డ వెనుక నుండి ఊపండి.